చిన్నప్పుడు టీవీలో చూసిన సినిమా ఇప్పుడు చూడాలంటే: పాత క్యాసెట్ ప్రింటా, కొత్త 4కె ప్రింటా?

రీలుపెట్టె:
పిల్లలు పెద్దవాళ్లయ్యే కథలున్న పాత సినిమాలను మళ్లీ చూసి "అప్పటి రుచి లేదు" అనేవాళ్లు చాలామంది. తప్పు వయసు మీద తోసేముందు ప్రింటు చూడండి. 2.35:1 వెడల్పున తీసిన సినిమాను 4:3 టీవీకి నిండుగా పట్టిస్తే బొమ్మలో దాదాపు 43 శాతం తెగిపోతుంది. కొత్త స్కాన్‌లోనే (అసలు ఫిల్మును మళ్లీ డిజిటల్‌గా మార్చిన ప్రింటులోనే) చూడాలంటాను.

నాలుగోవరుస:
ఒప్పుకోనండీ. 1.85:1 సినిమాలు చాలావాటికి నెగెటివ్ మీద ఫ్రేము నిండా తీసి, థియేటర్లో పైనా కిందా కప్పి వేసేవారు. టీవీకి ఆ కప్పు తీసేస్తే బొమ్మ తగ్గదు, పెరుగుతుంది (ఒక్కోసారి పైన మైకు కూడా కనబడేది). అసలు తేడా వేగంలో ఉంది. పాల్ అనే టీవీ ప్రసార పద్ధతి (సెకనుకు 25 ఫ్రేములు) ఉన్న దేశాల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపేవారు. 120 నిమిషాల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకే అయిపోయేది. శ్రుతి సరిచేయకపోతే పాట కూడా పైకి పోతుంది: హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఎడం ఎంతో, అందులో 0.7 వంతు. ఆ వేగానికి అలవాటుపడ్డ చెవికి సరైన ప్రింటు సాగదీసినట్టుంటుంది. జ్ఞాపకంతో పోల్చుకోవాలంటే క్యాసెట్టే చూడాలి.

కిటికీసీటు:
ఈ సినిమాలకు ప్రాణం పాటలు, వాటినే వదిలేశారు. కథ జరిగే ఏడాది రేడియోలో మోగిన పాటలు పెట్టి ఆ కాలాన్ని తెర మీద నిలబెడతారు. ఒక్కో పాటకూ రెండు హక్కులు కొనాలి: రచన, బాణీ కలిపి ఒకటి, రికార్డింగుకు మరొకటి. పాత ఒప్పందాలు కొన్ని థియేటరు, టీవీలతోనే ఆగిపోయాయి. వీడియోకి మళ్లీ బేరం కుదరకపోతే వేరే పాట అతికిస్తారు. ముగింపు టైటిల్స్‌లో ఉన్న పాట సినిమాలో ఎక్కడా వినబడకపోతే అనుమానించండి. ఇద్దరు పిల్లలు మొదటిసారి బెరుగ్గా డాన్స్ చేసే సీనులో పాట మారితే అడుగొక చోట, దరువొక చోట పడతాయి. ఇక ఎంత 4కె అయితే ఏం లాభం?

రీలుపెట్టె:
పాటల మాట నిజమే. కోత విషయంలో మాత్రం ఒక్క షాటు ఊహించుకోండి. భోజనాల బల్ల. ఎడమ చివర అలిగిన పిల్లాడు, కుడి చివర వాళ్లమ్మ. మాటలన్నీ పిల్లాడివే. పాన్ అండ్ స్కాన్ (వెడల్పు బొమ్మలో టీవీకి పట్టే భాగాన్నే ఎంచి చూపడం) చేసేవాళ్లు మామూలుగా మాట్లాడే మనిషినే ఫ్రేములో ఉంచుతారు. అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోవడం క్యాసెట్లో లేనే లేదు. "పెద్దయ్యాక అమ్మ బాధ అర్థమైంది" అంటారు. అప్పుడు ఆవిడ కనబడితే కదా!

మూడోగంట:
అంత తేలిగ్గా తేల్చేయకండి. అమ్మ ముఖం తెర నిండా కనిపించే క్లోజప్‌లు క్యాసెట్లోనూ ఉంటాయి. పదేళ్ల పిల్లలు వాటిని దాటేస్తారు, వాళ్ల ధ్యాసంతా పిల్లాణ్ని బయటికి పంపుతారా లేదా అన్నదాని మీదే. నలభై దాటినవాళ్లు ఆవిడ ఎందుకు వద్దంటోందో చూస్తారు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే మలివయసులో ఎక్కువగా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రం చెబుతుంది, రెమినిసెన్స్ బంప్ అంటారు. ఆ వయసులో చూసిన సినిమాలో ఏది సినిమాదో, ఏది ఆ రోజులదో విడదీయడం కష్టం.

ఇంకొకటి. ఏ ప్రింటు పెట్టినా ముందు టీవీ సరిచేయండి. మోషన్ స్మూతింగ్ ఆపేయాలి, అది లేని ఫ్రేములు పుట్టించి సినిమాను సీరియల్‌లా చేస్తుంది. నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి, ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్ము బొమ్మలో సహజంగా ఉండే సన్నటి రవ్వలు) తుడిచేస్తే పిల్లల ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. రంగు వార్మ్‌లో ఉంచండి. టీవీ సెట్టింగుల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ అదే ఆపేస్తుంది.

నాలుగోవరుస:
4:3 ప్రింటును వెడల్పు టీవీకి సాగదీయకండి, పక్కల నల్లపట్టీలు ఉండనివ్వండి. రెండు ప్రింట్లూ దొరికినవాళ్లు రీలుపెట్టె చెప్పిన లాంటి బల్ల సీను ఒకటి వెతికి, ముందు క్యాసెట్లో, వెంటనే స్కాన్‌లో చూసి రాయండి. అమ్మ క్యాసెట్లోనూ ఉంటే నా మాట, లేకపోతే ఆయన మాట.