ఫ్రీ ప్రోగ్రాం ఒప్పుకుని ఇరుక్కుపోయాం, ఎవరన్నా దారి చెప్పండి

కావలి కీబోర్డు (రాత్రి 7.12)
నాలుగు గంటల నుంచి స్టేజి వెనకాల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. ఒక స్టూడెంట్ గ్రూపు వాళ్ళ కల్చరల్ నైట్. డబ్బులు లేవని ముందే తెలుసు, పిల్లలే కదా అని ఒప్పుకున్నాం. ఐదున్నరకి మొదలన్నారు. ఇప్పటికి జ్యోతి ప్రజ్వలన కూడా కాలేదు, ముఖ్య అతిథి దారిలో ఉన్నాడంట. మైక్‌సెట్ ఆయన్ని మైకులు, వాద్యాలు పెట్టుకోవడానికి ఆరు లైన్లు అడిగితే నాలుగే ఉన్నాయంటాడు. కీబోర్డు పెట్టగానే గుయ్యిమని మోత. రెండు గంటలుగా వైర్లన్నీ మార్చి మార్చి చూశాం, పోవడం లేదు. గంటన్నర అన్న ప్రోగ్రాం ఇప్పుడు "అన్నా, ఇరవై నిమిషాల్లో సర్దుకోండి, మధ్యలో డ్యాన్సులున్నాయి" అంటున్నారు. ఎవర్ని అడిగినా కోఆర్డినేటర్‌ని అడగమంటారు, ఆ కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తడు. సామాను సర్దేసి వెళ్ళిపోతే తప్పా? ఆ మోత ఎట్లా తీయాలి? త్వరగా చెప్పండి, పిచ్చెక్కుతోంది.

ఒంగోలు ప్యాడ్ (7.14)
ఎంతమంది మీరు? హాల్లోనా, బయటా?

మృదంగం మాస్టారు (7.19)
నాయనా, ఈ బాధ మీ కీబోర్డు వాళ్ళకి కొత్తేమో గానీ మాకు పాతదే. మృదంగం ఎడమ మూతికి రవ్వ ముద్ద పెట్టుకుని, శ్రుతి చేసుకుని కూర్చుంటామా, ఇదిగో పిలుస్తాం అదిగో పిలుస్తాం అంటారు. గంట గడిచేసరికి ఫ్యాను గాలికి రవ్వ ఎండిపోయి బిగుసుకుపోతుంది. గీకి మళ్ళీ పెట్టుకోవాలి. అది పెట్టగానే పిలుపు వస్తుంది! వాద్యానికి ఒక సమయం ఉంటుందని నిర్వాహకులకి తెలియదు. మన ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డింగులు దొరుకుతాయి, ఈ పిల్లల చేత ఒక్కటి వినిపించండి. పద్మశ్రీ అందుకున్న విద్వాంసుడు. మన జిల్లాలో సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, కళాకారుడిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోయే అలవాటు కొంచెమన్నా తగ్గుతుంది.

ఒంగోలు ప్యాడ్ (7.20)
మాస్టారూ, ఆయన మోత గురించి అడిగాడు.

కావలి కీబోర్డు (7.22)
ఆరుగురం. కీబోర్డు, ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ము), తబలా, ఫ్లూటు, ఇద్దరు సింగర్లు. ఇంకెక్కడ, గ్రౌండులోనే. ఇట్లాంటివి హాల్లో పెడతారా ఎవరన్నా.

పాత యాంప్లిఫయర్ (7.23)
కీబోర్డు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసెయ్. పోతుంది.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (7.26)
దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఎర్త్ పిన్ను తీస్తే మోత పోవచ్చు, మనిషి కూడా పోవచ్చు. గ్రౌండులో కరెంటు, కింద మంచు తడి, సింగర్ పెదాలు ఇనప జాలీ మైకుకి ఆనించి పాడుతుంటారు. లోపల ఎక్కడన్నా వైరు వదులై బాడీకి తగిలితే ఆ కరెంటు పోవడానికి ఉన్న దారే ఎర్త్. దాన్ని తీసేస్తే సింగరే దారి అవుతాడు. మా నాన్న ఇరవై ఏళ్ళుగా మైక్‌సెట్ తిప్పుతున్నాడు, పిన్ను కోసిన ప్లగ్గు కనపడితే అక్కడే పక్కన పారేస్తాడు.
ఇంకో మాట. నాలుగు లైన్లే ఉన్నాయని మైక్‌సెట్ ఆయన్ని తిట్టుకోవద్దు. వాళ్ళు ఆయనకి ఏం చెప్పి ఉంటారు? "ఉపన్యాసాలకి రెండు మైకులు, డ్యాన్సులకి పాటలు" అని. ఆరుగురు వాయిస్తారని ఆయనకి ఎవరు చెప్పారు?

పాత యాంప్లిఫయర్ (7.27)
ముప్పై ఏళ్ళుగా తీస్తున్నాం. బతికే ఉన్నాం.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (7.28)
పోయినవాళ్ళు వచ్చి ఇక్కడ రాయరు కదండీ.
కీబోర్డు అన్నా, మీ కీబోర్డు దేనికి పెట్టారు? నేరుగా మైకులన్నీ కలిపే మిక్సర్‌కేనా? స్టేజికి కరెంటు ఎక్కడిది?

లీగల్ పాయింట్ (7.31)
అందరూ ఒక ముఖ్య విషయం మరిచిపోతున్నారు. సినిమా పాటలు బహిరంగంగా వాయిస్తే లైసెన్సు ప్రశ్న వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో మినహాయింపులున్నాయి. విద్యాసంస్థ కార్యక్రమంలో సిబ్బంది, విద్యార్థులే ప్రదర్శించి, చూసేవాళ్ళు కూడా వాళ్ళు, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ళే అయితే తప్పు కాదు. మీరు సిబ్బందీ కాదు, విద్యార్థులూ కాదు. అమెచ్యూర్ క్లబ్బు టికెట్టు లేకుండా ప్రదర్శిస్తే ఇంకో మినహాయింపు ఉంది. మీరు అమెచ్యూరా, ప్రొఫెషనలా అన్నది తేలాలి.
ఇక గ్రౌండు అన్నారు కాబట్టి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు వర్తిస్తాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. ఆడిటోరియం లాంటి మూసిన హాలయితే మినహాయింపు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ పన్నెండు దాకా ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి మొత్తం పదిహేను రోజులకి మించకూడదు. ఈ రోజు ఆ పదిహేనులో ఉందా? పర్మిషన్ కాగితం చూశారా?

కావలి కీబోర్డు (7.33)
సార్, నన్ను స్టేజి ఎక్కనిస్తే చాలు, తర్వాత జైలుకైనా వెళ్తాను.
కీబోర్డు నా ఆంప్‌కి (సొంత స్పీకరు పెట్టె), ఆంప్ లైన్ అవుట్ నుంచి మిక్సర్‌కి. స్టేజికి జనరేటర్.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (7.34)
ఆంప్ సంగతి ఇప్పుడు చెప్తున్నారా! దానికి కరెంటు ఎక్కడిది?

కావలి కీబోర్డు (7.36)
అది ఎప్పుడూ మా వెంట ఉండేదే కదా. స్టేజి మీద సాకెట్లు ఖాళీ లేక, వెనక క్లాస్‌రూమ్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగాం.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (7.40)
అదిగో, దొరికింది. మిక్సర్ జనరేటర్ మీద, మీ ఆంప్ కాలేజీ లైను మీద. రెండు చోట్ల రెండు ఎర్తులు, మధ్యలో మీ ఆడియో వైరు వాటిని కలుపుతోంది. ఆ రెండిటికీ ఉన్న తేడాయే మీకు గుయ్యిమని వినపడుతోంది. వైర్లు ఎన్ని మార్చినా పోదు. ఆంప్‌ని మిక్సర్ ఉన్న బోర్డులోనే పెట్టండి, జనరేటర్‌కి అది ఒక లెక్క కాదు. సాకెట్టు లేదంటే ఆంప్‌ని పక్కన పెట్టి కీబోర్డు నేరుగా మిక్సర్‌కి ఇవ్వండి. "ఒక అవుట్ మిక్సర్‌కి, ఇంకో అవుట్ ఆంప్‌కి" అని తెలివి చూపించొద్దు, కీబోర్డు లోపల రెండూ కలిసే ఉంటాయి, మళ్ళీ అదే మోత.
లైన్లకి వస్తే, మీ కీబోర్డు వెనక ఆక్స్ ఇన్ (ఇంకో వాద్యం వైరు పెట్టుకునే రంధ్రం) ఉందా చూడండి. ఉంటే ప్యాడ్ అందులో పెట్టండి, రెండూ ఒకే లైన్లో పోతాయి. సింగర్లకి రెండు, తబలాకి ఒకటి. ఫ్లూట్ ఆయన మగ సింగర్ మైకు దగ్గరే నిలబడాలి. పల్లవికీ చరణానికీ మధ్య బిట్టు వచ్చినప్పుడు సింగర్ ఒక అడుగు పక్కకి జరిగితే సరి. పాతరోజుల్లో ఒక్క మైకు చుట్టూ అందరూ నిలబడి రికార్డింగులే చేశారు.

మృదంగం మాస్టారు (7.43)
తబలాకి ఒకటే మైకు పెట్టేటప్పుడు దాయాకి (కుడిది) బాయాకి (ఎడమది) మధ్యలో, కొంచెం దాయా వైపు. సముద్రం గాలికి ఆ చర్మం ఈపాటికి దిగి ఉంటుంది, మళ్ళీ శ్రుతి చూసుకోమనండి. అన్నట్టు, దీన్ని కచేరీ అని ఎవరూ అనవద్దు. కచేరీ వేరు, ప్రోగ్రాం వేరు.

ఒంగోలు ప్యాడ్ (7.44)
ఎవరూ అనలేదు మాస్టారూ.

నెల్లూరు వయొలిన్ (7.49)
తమ్ముడూ, వైర్ల సంగతి అబ్బాయి చూసుకున్నాడు. అసలు చిక్కు టైము. లీగల్ సార్ చెప్పిన దాంట్లో నీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పదికి బాక్సులు ఆపేయాలి. అతిథి ఎనిమిదిన్నరకి వస్తాడనుకో. జ్యోతి, శాలువాలు, నలుగురి ప్రసంగాలు, మెమెంటోలు, అక్కడికే తొమ్మిదిన్నర. తర్వాత పిల్లలు డ్యాన్సులు వదులుకుంటారా? మీకు మిగిలేది తబలా శ్రుతి చేసుకునే టైమే. కాబట్టి అతిథి వచ్చాక అన్న మాటే ఒప్పుకోవద్దు. ఇప్పుడు ఎక్కండి.
ఎట్లా అంటావా, ప్రార్థన ఎవరు పాడుతున్నారని అడుగు. చాలాసార్లు ఎవరూ ఉండరు, అప్పటికప్పుడు ఒక అమ్మాయిని తోస్తారు. "ప్రార్థన మేం పాడతాం, సౌండ్ చెక్ కూడా అయిపోతుంది" అను. కుర్చీల్లో పిల్లలు అప్పటికే ఈలలు వేస్తుంటారు, వద్దనేవాడు ఉండడు. ప్రార్థన అయ్యాక దిగొద్దు. "అతిథి గారు వచ్చే లోపల" అని మైకులో చెప్పి రెండో పాట ఎత్తుకో. నేను ఇట్లా మూడుసార్లు చేశాను.
వెళ్ళిపోవడం తప్పా అన్నావు. తప్పు కాదు. కానీ చెప్పకుండా పోవడం, పిల్లల మీద అరిచి పోవడం బాగుండదు. ఈ ఫంక్షన్‌కి బాధ్యుడైన లెక్చరర్ ఒకరు ఉంటారు, పిల్లల్ని కాదు, ఆయన్ని పట్టుకో. తొమ్మిదింపావు దాకా ఉంటాం, తర్వాత ఉండలేం అని ఒక్కసారే చెప్పు. ఆ టైముకి నిజంగానే లే.

కావలి కీబోర్డు (7.52)
అక్కా, పోవడం అంత తేలిక కాదు. ఆ గ్రూపు సెక్రటరీ మా మేనల్లుడు.

ఒంగోలు ప్యాడ్ (7.52)
అబ్బయ్యా! ఇది మొదటే చెప్పాల్సిన మాట కదా.

నెల్లూరు వయొలిన్ (7.54)
కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తకపోతే మేనల్లుడు ఎత్తడా?

కావలి కీబోర్డు (7.55)
వాడే కోఆర్డినేటర్.

లీగల్ పాయింట్ (7.58)
అయితే ఇది మౌఖిక ఒప్పందమా, కుటుంబ మొహమాటమా అన్నది తేలాలి. ప్రతిఫలం లేని ఒప్పందం మామూలుగా చెల్లదు.

కావలి కీబోర్డు (8.01)
ప్రతిఫలం సంగతి నా దగ్గర అడగండి. లేడీ సింగర్ సింగరాయకొండ నుంచి వచ్చింది, ఆమెకి పదిహేను వందలు నేనే ఇస్తున్నా. తబలా ఆయనకి వెయ్యి. సామానుకి ఆటో నాదే. మిగతా నలుగురం ఉచితం.

పాత యాంప్లిఫయర్ (8.02)
దాన్ని ఉచితం అనరు. చందా అంటారు.

మృదంగం మాస్టారు (8.06)
హాస్యం కాదు. మన దగ్గర ఈ పనికి పేరే సరిగా లేదు. గుడిలో వాయిస్తే సేవ. పెద్దలు తాంబూలంలో పెట్టి ఇస్తే సంభావన. సభవాళ్ళు కవర్లో ఇస్తే పారితోషికం. ఇచ్చినదేమీ లేకపోతే "ఉచితం" అని పోస్టర్ మీద కూడా వేస్తారు, సబ్బు కొంటే స్పూన్ ఉచితం అన్నట్టు! సేవ అనండి, మర్యాద ఉంటుంది.

ఒంగోలు ప్యాడ్ (8.09)
సేవ అంటే ఇంకా అడుక్కుంటారు మాస్టారూ. నేను "ఖర్చులు మాత్రం" అంటాను. పెట్రోలు, భోజనం, సామాను బండి. ఈ మూడూ వాళ్ళవి. వాయించడం నాది. పేరు ఏదైనా పెట్టుకోండి, ఆ మూడూ ఇవ్వలేమన్న వాళ్ళు స్టేజి మీద మంచినీళ్ళు కూడా పెట్టరు, నేను చూశాను.

నెల్లూరు వయొలిన్ (8.15)
నాకు పేరుతో పేచీ లేదు. డబ్బు తీసుకునే ప్రోగ్రాంకి కాగితం లేకపోయినా నడుస్తుంది, అడ్వాన్సు ఇచ్చినవాడు తన డబ్బు కోసమన్నా టైముకి ఎక్కిస్తాడు. డబ్బు లేని ప్రోగ్రాంకే నేను రాయించుకుంటాను. మనం ఊరికే వస్తున్నాం కాబట్టి మన టైము కూడా ఊరికే వచ్చిందనుకుంటారు. ఏమంత పెద్ద కాగితం కాదు, వాట్సాప్‌లో ఒక్క మెసేజ్: "శనివారం ఆరుగురం వస్తున్నాం, ఆరు లైన్లు కావాలని మైక్‌సెట్ ఆయనకి చెప్పి ఆయన నంబరు నాకు పంపండి. ఏడుకి ఎక్కి ఎనిమిదింటికి దిగుతాం. ఏడున్నర దాటితే ఆ రోజుకి వాయించం. సరే అని మెసేజ్ పెట్టండి." ఆ సరే వచ్చాకే మిగతావాళ్ళకి చెప్తాను. మైక్‌సెట్ ఆయనతో నేనే మాట్లాడతాను, సగం తలనొప్పి అక్కడే పోతుంది.
మొదటిసారి పంపినప్పుడు ఆ పిల్లలు "మేడం చాలా స్ట్రిక్ట్" అనుకున్నారంట. కానీ ఏడుకి ఎక్కించారు.

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (8.17)
నిజం మేడం. మాకు ఫోన్ చేసి మాట్లాడే ఆర్టిస్టులు చాలా తక్కువ. చేస్తే ఇంకో మిక్సర్ పట్టుకుపోతాం, దానికేముంది.

లీగల్ పాయింట్ (8.24)
వాట్సాప్ మెసేజ్ సాక్ష్యంగా చెల్లాలంటే దానికి సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది. ఆ వివరం రేపు విడిగా రాస్తాను.

పాత యాంప్లిఫయర్ (8.25)
వద్దు.

మృదంగం మాస్టారు (9.40)
నాయనా, ఎక్కారా?

ఒంగోలు ప్యాడ్ (10.05)
పది దాటింది. ఏమైంది?

కావలి కీబోర్డు (11.48)
ఇప్పుడే ఇల్లు చేరాను. ప్రార్థన పేరుతో ఎక్కి నాలుగు పాటలు వాయించాం. ఐదో పాట చరణంలో ఉండగా అతిథి కారు వచ్చిందని మా వాడే వచ్చి సింగర్ చేతిలో మైకు తీసుకున్నాడు. ఆంప్ బోర్డు మార్చగానే మోత పోయింది. ఆక్స్ ఇన్ ఉందని ఐదేళ్ళుగా చూసుకోలేదు. భోజనాలు అయిపోయాయన్నారు, హైవే మీద దోసెలు తిన్నాం, ఆ బిల్లూ నాదే. థాంక్స్ అందరికీ.

నెల్లూరు వయొలిన్ (11.55)
మేనల్లుడు ఏమన్నాడు?

మైక్‌సెట్ వాళ్ళబ్బాయి (ఉదయం 6.20)
అన్నా, నిన్నటి జనరేటర్ ఎవరిదో కనుక్కుంటారా? వచ్చే వారం కావలిలో పెళ్ళి ఉంది, మాది రిపేరులో ఉంది.

మృదంగం మాస్టారు (6.48)
రవ్వ బొంబాయి రవ్వే వాడాలి, సన్నది. ఎవరో నాకు విడిగా అడిగారు.