మొదటి బేస్ క్లారినెట్ కింది సి వరకు దిగేదే కావాలా, ఈ-ఫ్లాట్ వరకు ఉన్నది చాలదా?

కొత్త మంద్రం:

ఎనిమిదేళ్లుగా మామూలు బి-ఫ్లాట్ క్లారినెట్ వాయిస్తున్నాను. మా గాలివాద్య బృందంలో బేస్ క్లారినెట్ (మంద్రంగా పలికే పెద్ద క్లారినెట్) వాయించే ఆయన మానుకోవడంతో ఏడాది కిందట ఆ భాగాన్ని నాకు అప్పగించారు. ఇన్నాళ్లూ బృందానికి చెందిన పాత వాద్యం మీదే సాధన చేశాను. దాన్ని తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది కాబట్టి ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలి. వెతగ్గా వెతగ్గా రెండు దొరికాయి. మొదటిది ఏబీఎస్ రెజిన్‌తో, అంటే ఒక రకం గట్టి ప్లాస్టిక్‌తో చేసిన సరికొత్త వాద్యం. అది కాగితం మీద రాసిన కింది ఈ-ఫ్లాట్ (ఈ అనే స్వరానికి ఒక అర్ధస్వరం కిందిది) దగ్గర ఆగిపోతుంది. రెండోది ఇరవై ఏళ్లు వాడిన గ్రెనడిల్లా చెక్క వాద్యం. అది మరో మూడు అర్ధస్వరాలు దిగి సి దాకా వెళుతుంది. రెండింటి ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సి లేనిది కొంటే రెండేళ్లు తిరగకుండా మళ్లీ కొనవలసి వస్తుందని నాకు పాఠం చెప్పే గురువుగారు గట్టిగా అంటున్నారు. వాద్యాలు బాగుచేసే మిత్రుడొకరు మాత్రం పాత చెక్క వాద్యం జోలికి వెళ్లవద్దంటున్నారు. ఇద్దరి మాటకూ విలువ ఇచ్చేవాణ్ణే కాబట్టి ఎటూ తేల్చుకోలేక అడుగుతున్నాను. ఈ-ఫ్లాట్ దగ్గర ఆగే వాద్యం కొనడం నిజంగా పొరపాటేనా?

నల్లచెక్క:

మీ గురువుగారు చెప్పిందే సరైనదని నా నమ్మకం. ఈ-ఫ్లాట్ అనే హద్దు ఈ వాద్యానికి సహజంగా ఏర్పడింది కాదు. మామూలు క్లారినెట్ ఈ (E) స్వరం దగ్గర ఆగుతుంది కదా, మరి బేస్‌కు ఆ ఒక్క అర్ధస్వరం అదనంగా ఎందుకు పెట్టారో ఆలోచించండి. వాగ్నర్, రావెల్ వంటి స్వరకర్తలు ఎ (A) శ్రుతిలో ఉండే బేస్ క్లారినెట్‌కు కూడా భాగాలు రాశారు. ఆ వాద్యం దాదాపు కనుమరుగయ్యాక ఆ భాగాలన్నీ బి-ఫ్లాట్ వాద్యం మీదే వాయించవలసి వచ్చింది. ఎ వాద్యం అర్ధస్వరం కింద పలుకుతుంది కాబట్టి దానికి రాసిన ఈ (E), బి-ఫ్లాట్ వాద్యం మీద ఈ-ఫ్లాట్ అవుతుంది. ఆ ఒక్క స్వరం కోసమే ఆ కీ అక్కడికి వచ్చింది. పాత అవసరం తీర్చిన హద్దును నేటి వాద్యానికి కూడా హద్దుగా ఎందుకు ఒప్పుకోవాలి?

రష్యన్ స్వరకర్త షొస్టకోవిచ్ కొన్ని సింఫనీలలో బేస్ క్లారినెట్ భాగం ఈ-ఫ్లాట్ కిందికి దిగుతుంది. అక్కడ స్వరాన్ని పై స్థాయికి ఎత్తి వాయిస్తే వాక్యం విరిగినట్టు వినిపిస్తుంది. ఇక 1955లో చెక్ వాద్యకారుడు యోసెఫ్ హోరాక్ ఈ వాద్యంతో ఏకవాద్య కచేరీ చేసిన నాటి నుంచి పుట్టిన కృతుల సంగతి చెప్పనక్కరలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన బేస్ క్లారినెట్ కళాకారుడు హ్యారీ స్పార్నే ఒక్కరి కోసమే వందల కృతులు వచ్చాయి. నేడు ఈ వాద్యానికి కొత్తగా రాసే స్వరకర్త సి ఉంటుందనే అనుకుని రాస్తాడు. రాసిన సి మనకు వినబడేది దాదాపు 58 హెర్ట్జ్ దగ్గర, అంటే మరో మంద్ర వాద్యమైన బసూన్ అట్టడుగు స్వరం ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ. ఆ మూడు స్వరాలు లేని వాద్యం తలుపు సగమే తెరుచుకునే గదిలాంటిది. కొనేది ఒక్కసారే కొనండి.

మరమ్మతు బల్ల:

నల్లచెక్క గారు చెప్పిన చరిత్రలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. అయితే ప్రశ్న అడిగినవారు కొనబోయేది ఒక వాద్యాన్ని, కృతులను కాదు. ఆ వాద్యం ఊదితే పలకాలి. బేస్ క్లారినెట్ విషయంలో అది మనం అనుకున్నంత తేలిక కాదు. చిన్న క్లారినెట్‌లో రంధ్రాలను వేళ్లే మూస్తాయి. ఇక్కడ రంధ్రాలు పెద్దవి, దూరదూరంగా ఉంటాయి కాబట్టి అన్నిటినీ ప్యాడ్లే, అంటే కీలకు అమర్చిన మెత్తని మూతలే మూయాలి. వేలికీ రంధ్రానికీ మధ్య ఒక కడ్డీ, ఒక స్ప్రింగు, ఒక కార్కు ముక్క ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా గాలి కారుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక యువకుడు సి వరకు దిగే చెక్క వాద్యం నా దగ్గరకు తెచ్చి, కింది నాలుగు స్వరాలు గరగరమంటున్నాయని, కింది ప్యాడ్లన్నీ మార్చమని అడిగాడు. గొట్టంలోకి సన్నని దీపం దించి, గది చీకటి చేసి చూశాను. కింది ప్యాడ్లన్నీ అంచు దాకా చక్కగా మూసుకునే ఉన్నాయి. వెలుగు కనిపించింది పైభాగంలో, జి-షార్ప్ ప్యాడ్ అంచున, గోటి మీది చంద్రవంకంత. ఎ కీకీ జి-షార్ప్ కీకీ మధ్య ఉండే చిన్న మర అవసరానికి మించి బిగిసి, ఆ ప్యాడ్‌ను కొద్దిగా ఎత్తి పట్టుకుంది. మరను పావు చుట్టు వదులు చేయగానే కింది సి నిండుగా పలికింది. ఒక్క ప్యాడ్ కూడా మార్చలేదు. పైభాగంలో గాలి కారితే ఆ సందు రిజిస్టర్ రంధ్రంలా (స్వరాన్ని పై స్థాయికి మార్చే చిన్న రంధ్రంలా) పనిచేసి, కింది స్వరాన్ని నిలవనీయకుండా పైకి ఎగరగొడుతుంది. ఈ సంగతి తెలియనివారు కింది స్వరాలు పలకకపోతే తప్పు కిందే ఉందనుకుంటారు, లేదా తమ ఊపిరి చాలడం లేదని బాధపడతారు. తప్పు తమదేనని ఏడాది పాటు కుమిలి, చివరకు వాద్యాన్ని అమ్మేసినవారిని కూడా నేను చూశాను.

సి వరకు దిగే వాద్యంలో ఇలాంటి చోట్లు మరిన్ని ఉంటాయి. డి, సి-షార్ప్, సి ప్యాడ్లను కుడి బొటనవేలు, చిటికెన వేళ్లు పొడవాటి కడ్డీల ద్వారా నడిపించాలి. ఇరవై ఏళ్లలో ఆ కడ్డీలు ఒక్కసారైనా వంగకుండా ఉండడం అరుదు. పైగా ఈ-ఫ్లాట్ వాద్యం అంటే విద్యార్థులదేనని అనుకోవడం సరికాదు. బఫే క్రాంపాన్ అనే సంస్థ ప్రెస్టీజ్ శ్రేణిలో 1193 అనే నమూనా సి వరకు దిగుతుంది, దాని జంటగా వచ్చిన 1183 మాత్రం ఈ-ఫ్లాట్ దగ్గరే ఆగుతుంది. రెండూ వృత్తి కళాకారుల కోసం చేసిన చెక్క వాద్యాలే.

నల్లచెక్క:

గాలి కారడం గురించి మీరు చెప్పింది నేను కాదనను. కానీ ఆ వాదన పాత వాద్యాలన్నిటికీ వర్తిస్తుంది, సి ఉన్నవాటికి మాత్రమే కాదు. మంచి మనిషి చేత ఒకసారి సరిచేయిస్తే ఆ చెక్క వాద్యం మరో ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఆ సరికొత్త రెజిన్ వాద్యాన్ని ఎంత సవరించినా దానికి మూడు స్వరాలు మొలవవు కదా.

బృంద శిక్షకురాలు:

ఇద్దరి మాటలూ చదివాక నాకు తోచింది చెబుతాను. కొత్త మంద్రం గారు వాయించబోయేది గాలివాద్య బృందంలో. అటువంటి బృందాలకు రాసిన బేస్ క్లారినెట్ భాగాలు చాలావరకు ఈ-ఫ్లాట్ లోపే ఉంటాయి. ఎందుకంటే బృందాల చేతిలో ఉండే వాద్యాలు ఎక్కువగా అవే. సింఫనీ ఆర్కెస్ట్రాలో కూర్చునేవారి లెక్క వేరు, ఏకవాద్య కచేరీ చేసేవారి లెక్క వేరు. మీ బృందం గత ఏడాది వాయించిన భాగాలన్నీ ముందు పెట్టుకుని, ఈ-ఫ్లాట్ కంటే కింద ఉన్న స్వరాలు ఎన్ని చోట్ల వచ్చాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఆ కాగితాలు మా అందరికంటే నిజాయతీగా జవాబు చెబుతాయి.

నా దగ్గరకు మామూలు క్లారినెట్ నుంచి మారి వచ్చినవారిలో కింది స్వరాలు రాక ఇబ్బంది పడినవారు తక్కువ. దాదాపు అందరూ తడబడేది మధ్యలో, అంటే రిజిస్టర్ కీ నొక్కి బి, సి, డి స్వరాల్లోకి అడుగుపెట్టే చోట. క్లారినెట్ జాతి వాద్యాలు ఎనిమిదో స్వరానికి కాక పన్నెండో స్వరానికి దూకుతాయి కాబట్టి ఆ దాటు ఎప్పుడూ కష్టమే. బేస్‌లో గాలి స్తంభం పెద్దది కావడం వల్ల ఆ కష్టం రెట్టింపవుతుంది. అలవాటు కొద్దీ చిన్న క్లారినెట్‌కు బిగించినట్టే పెదవిని బిగిస్తే స్వరం కీచుమంటుంది. కింది పెదవిని మెత్తగా ఉంచి, మౌత్‌పీస్‌ను నోట్లోకి మరికొంచెం ఎక్కువగా తీసుకుని, గొంతు విప్పి వెచ్చని గాలిని నెమ్మదిగా, ఎక్కువగా పంపడం నేర్చుకోవాలి. రీడు (మౌత్‌పీస్‌కు బిగించే, ఊదితే కంపించే పలచని రెల్లు ముక్క) కూడా మొదట్లో రెండున్నర బలానికి మించనక్కరలేదు. వాద్యంతో పాటు వచ్చే మౌత్‌పీస్ ఎక్కువ సందర్భాల్లో నాసిరకంగా ఉంటుంది. సెల్మర్ సి స్టార్, వాండోరెన్ బి 40 వంటివి ఒక్కసారి పెట్టి చూస్తే అదే వాద్యం వేరొక వాద్యంలా పలకడం మీరే గమనిస్తారు. రెండింటిలో దేనిని కొన్నా కొంత డబ్బు మౌత్‌పీస్ కోసం పక్కన పెట్టుకోవాలని నా సలహా.

జాజ్ సంగీతకారుడు ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్‌ను ఒంటరిగా వాయించిన ఏ రికార్డింగ్ విన్నా, ఆయన వాద్యం అడుగు నుంచి కొస దాకా ఒక్క ఊపులో ఎక్కి దిగే తీరు మనల్ని కట్టిపడేస్తుంది. అక్కడ మనసు దోచేది అట్టడుగు స్వరం ఒక్కటే కాదు, ఒక స్థాయి నుంచి మరో స్థాయికి ఆయన తడబాటు లేకుండా దాటడం. వాద్యం ఎన్నుకునేటప్పుడు కూడా ఆ దాటునే పరీక్షించాలని నేను కోరుతున్నాను.

కొత్త మంద్రం:

అందరికీ కృతజ్ఞతలు. శిక్షకురాలు గారు చెప్పినట్టే గత ఏడాది భాగాలన్నీ తిరగేశాను. పద్నాలుగు కృతుల్లో ఈ-ఫ్లాట్ కిందికి దిగినది ఒక్కటే, అది కూడా రెండు కొలతలు (తాళపు గీతల మధ్య ఉండే బార్లు) మాత్రమే. ఆ రెండు కొలతల పక్కన అంతకుముందు వాయించిన ఆయన పెన్సిల్‌తో "పైకి" అని రాసుకున్నారు.

నిన్న రెండు వాద్యాలనూ నా సొంత మౌత్‌పీస్, నా సొంత రీడుతో ఊది చూశాను. చెక్క వాద్యం కింది సి విన్నప్పుడు నిజం చెప్పాలంటే ఒళ్లు జలదరించింది. నేల మీద ఆనించిన కాలి కడ్డీ గుండా ఆ కంపనం పాదాలకు తెలిసింది. కానీ మధ్య బి దగ్గర ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యమైంది. డి నుంచి ఈకి దాటేటప్పుడు రెండుసార్లు కీచుమంది. రెజిన్ వాద్యం గొంతు కొంచెం పలచగా అనిపించినా, ఆ రెండు చోట్లా అడిగిన వెంటనే పలికింది. ఇది చెక్క వాద్యంలోని లోపమా, నా లోపమా అన్నది ఎలా తెలుసుకోవాలి? సరిచేస్తే పోయే లోపమైతే నా మనసు అటే మొగ్గుతోంది.

నల్లచెక్క:

పద్నాలుగింట్లో ఒకటే అన్నది నేను ఊహించినదానికంటే చాలా తక్కువ. మీ బృందం వరకు నా వాదన బలహీనపడిందని ఒప్పుకుంటున్నాను. అయినా మీ పాదాలకు తెలిసిన ఆ కంపనాన్ని మరచిపోవద్దు. ఏ వాద్యాన్ని రోజూ పెట్టెలోంచి తీయాలనిపిస్తుందో అదే మనల్ని సాధన చేయిస్తుంది.

మరమ్మతు బల్ల:

కొత్త మంద్రం గారూ, లోపం ఎవరిదో తేల్చడానికి నా దగ్గరకే రానక్కరలేదు. అమ్మేవారి అనుమతి తీసుకుని మీరే చూడవచ్చు.

మీరు చెప్పిన డి (D), ఈ (E) స్వరాల మధ్య కీచు నాకు బాగా పరిచితమైనది. మంచి బేస్ క్లారినెట్లలో రిజిస్టర్ రంధ్రాలు రెండు ఉంటాయి. మధ్య బి నుంచి ఈ-ఫ్లాట్ వరకు కిందిది తెరుచుకోవాలి, ఈ (E) నుంచి పైకి మెడకు దగ్గరగా ఉన్నది తెరుచుకోవాలి. ఏది తెరుచుకోవాలో నిర్ణయించేది మీ కుడిచేతి ఉంగరపు వేలు. అది కిందికి నొక్కి ఉంటే ఒకటి, ఎత్తితే రెండోది. ఎడమ బొటనవేలితో రిజిస్టర్ కీ నొక్కి పట్టుకుని, ఉంగరపు వేలిని నెమ్మదిగా నొక్కుతూ ఎత్తుతూ అద్దంలో ఆ రెండు ప్యాడ్లనూ చూడండి. ఒకటి పూర్తిగా మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. రెండూ ఒకేసారి కాస్త తెరుచుకుని కనిపిస్తే లోపం వాద్యానిదే. సాధారణంగా అది ఒక కార్కు ముక్క అరిగిపోవడం వల్ల వచ్చేది, అరగంట పని.

మధ్య బి ఆలస్యం కావడం మాత్రం వేరే సంగతి. ఆ స్వరానికి దాదాపు అన్ని ప్యాడ్లూ మూసుకోవాలి కాబట్టి తప్పు ఎక్కడైనా ఉండవచ్చు. పలచని సిగరెట్ కాగితాన్ని వేలి మందాన కత్తిరించి, ఒక్కో ప్యాడ్ కింద నాలుగు వైపులా పెట్టి, కీని వాయించేటప్పటి ఒత్తిడితోనే మూసి మెల్లగా లాగండి. నాలుగు వైపులా ఒకేలా పట్టు తగలాలి. ఒకటి రెండు ప్యాడ్ల దగ్గరే కాగితం జారిపోతే నిర్భయంగా కొని సరిచేయించుకోండి. సగానికి పైగా ప్యాడ్ల దగ్గర జారితే అన్నీ మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చు ఎంతో ముందే ఎవరి చేతనైనా లెక్క వేయించి, దాన్ని వాద్యం ధరకు కలిపి, అప్పుడు రెజిన్ వాద్యంతో పోల్చి చూడండి. పరీక్ష చేసేటప్పుడు పై ముక్కనూ కింది ముక్కనూ కలిపే వంతెన కీ వంగకుండా, పై ముక్కను దాని ప్యాడ్లు మూసుకునేలా పట్టుకుని బిగించడం మరవవద్దు. మంచి వాద్యాలు ఎక్కువగా అక్కడే పాడవుతాయి.