అమ్మకి లైకెన్ స్క్లెరోసస్ అన్నారు, ఇది క్యాన్సర్‌గా మారుతుందా?

మాది గుంటూరు. అమ్మకి అరవై దాటాయి. చాలా ఏళ్లుగా యోని బయటి చర్మం మీద దురద, రాత్రిళ్లు మరీ ఎక్కువ, ఎవరికీ చెప్పుకోలేక మెడికల్ షాపులో ఫంగస్ క్రీములు తెప్పించుకుని రాసుకుంటూ వచ్చింది. చర్మం తెల్లగా మారి చీలుతోందని కొత్తపేటలో స్కిన్ డాక్టరుకి చూపిస్తే ఈ జబ్బు పేరు చెప్పి, క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి, అశ్రద్ధ చేస్తే క్యాన్సర్ రావచ్చన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ సరిగా తినట్లేదు. స్టెరాయిడ్ అంటే నాకూ టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయవాడ నుంచి):
ముందు అమ్మగారికి చెప్పండి, ఇది క్యాన్సర్ కాదు, అంటుకోదు, సుఖవ్యాధి అసలే కాదు. నాకూ ఉందండి, ముట్లు ఆగిపోయాక మొదలైంది. ఈ జబ్బున్న ఆడవాళ్లలో నూటికి ఐదుగురి కంటే తక్కువ మందికే ఆ చోట క్యాన్సర్ వస్తుంది. నాకు మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు రాయమన్నారు, ఇప్పటికీ రాస్తున్నాను. దురద తగ్గింది కదా అని మాత్రం ఆపనివ్వకండి.

జవాబు (స్కిన్ ఓపీలో పనిచేస్తాను):
పైన చెప్పింది నిజం. ఆస్ట్రేలియాలో 507 మంది ఆడవాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. స్టెరాయిడ్ మందు చెప్పినట్టు వాడిన 357 మందిలో ఒక్కరికీ క్యాన్సర్ గానీ, దాని ముందు దశ గానీ రాలేదు. సరిగా వాడని 150 మందిలో 7గురికి వచ్చింది. కాబట్టి భయపడాల్సింది మందు మానేయడం గురించి. ట్యూబుతో వచ్చే కాగితంలో ఆ భాగంలో దురదకి వాడొద్దని ఉంటుంది, అది చూసి చాలామంది ఆపేస్తారు, కానీ ఈ జబ్బుకి మొదట ఇచ్చే మందే అది. డాక్టరు చూపించినంత కొలతే, తెల్లబడిన చోటే రాయాలి. సబ్బు, డెటాల్ నీళ్లు తగలనివ్వొద్దు.

మానని పుండు, గట్టి గడ్డ, మందంగా పెరిగే తెల్లటి పొర, రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా చూపించండి. బయాప్సీ అంటారు, అంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మనవైపు గట్టి నమ్మకం, అది నిజం కాదు.

ప్రశ్న అడిగినామె:
చాలా థాంక్సండి, అమ్మకి చదివి వినిపించాను. ఇంకో డాక్టరుకి కూడా చూపించాలంటే జీజీహెచ్‌లో (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) చూస్తారా? బోర్డు మీద సుఖవ్యాధులు అని ఉంటుందని రానంటోంది.

జవాబు (స్కిన్ ఓపీలో పనిచేస్తాను):
చూస్తారండి. చర్మవ్యాధులకీ వాటికీ కలిపి ఒకటే విభాగం, అందుకే ఆ బోర్డు. లేడీ డాక్టరు కావాలని ఓపీలో అడగండి, పాత చీటీలు, ఇంతవరకు రాసిన ట్యూబులు అన్నీ తీసుకెళ్లండి.