“పెంచినార మీ మీసము”: మీసం ఒకటి, తలలు రెండు

జంటకవులైన తిరుపతి వేంకటకవుల ఈ ఉత్పలమాలలో కొత్త పాఠకులు మొదటి పాదం చివరనే తడబడే అవకాశం ఉంది.

దోసమటంచెఱింగియును దుందుడుకొప్పగఁ బెంచినార మీ
మీసము రెండు బాసలకు మేమె కవీంద్రులమంచుఁ దెల్పఁగా
రోసము కల్గినన్ కవివరుల్ మము గెల్వుఁడు గెల్చిరేని యీ
మీసము దీసి మీ పద సమీపములం దలలుంచి మ్రొక్కమే

‘మీ మీసము’ అని విడదీస్తే ఎదుటివారి మీసాన్ని ఈ కవులే పెంచినట్లవుతుంది! ‘పెంచినారము + ఈ మీసము’ అన్నదే సరైన విరుపు. ‘మ్రొక్కమే’ కూడా నిరాకరణ కాదు. వ్యతిరేక క్రియ మీద ప్రశ్నార్థకమైన ఏకారం చేరి, ‘మొక్కమా? తప్పక మొక్కుతాము’ అన్న అర్థాన్నిస్తుంది.

చర్చించవలసింది ‘మేమె’ గురించి. ఒంటరి కవి కూడా గౌరవార్థం ‘మేము’ అనుకోవచ్చు కనుక, ఇక్కడ మాట్లాడుతున్నది ఇద్దరని ఆ ఒక్క మాట రుజువు చేయదు. రుజువు నాలుగో పాదంలో ఉంది: మీసము ఏకవచనంలోనే నిలిచింది, వంచవలసిన తలలు మాత్రం రెండయ్యాయి. మీసాన్ని ఏకవచనంలో చెప్పడం తెలుగులో మామూలేనని, పైగా పాదంలోని గణాలకు అదే కుదురుతుందని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే అయినా, పౌరుషం ఉమ్మడిదనీ, ఓడితే తల వంపు ఎవరిది వారికేననీ ఆ వచనభేదం పలుకుతున్నట్లు నాకు అనిపిస్తుంది.

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అన్నదమ్ములు కారు, చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద చదువుకున్న స్నేహితులు. (వీరితో పోటీపడిన కొప్పరపు కవులు సోదరులు.) అవధాన సభలో ఇద్దరూ కలిసి ఒక పద్యాన్ని నడపాలంటే, ఒకరు ఎత్తుకున్న ప్రాసకూ అన్వయానికీ రెండోవారు అక్కడికక్కడే ఒదగాలి, ఎదుటివాడి మనసు తెలియనిదే అది సాధ్యం కాదు, క్లిష్టమైన సమాసాలతో మిత్రుణ్ణి ఇరుకున పెట్టడమూ కుదరదు. వారి పాండవోద్యోగ, విజయ నాటకాల పద్యాలు వినగానే బోధపడేంత సాఫీగా సాగడానికి ఈ అలవాటు ఒక కారణమని నా అభిప్రాయం. ఆ నాటకాల్లోని ‘చెల్లియో చెల్లకో’ పద్యం ఇద్దరిలో ఎవరి కలం నుంచి వచ్చిందని ఆరా తీయడం వల్ల ప్రయోజనం నాకు కనిపించదు.

తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి జంట పేరుతోనే రచనలు వెలువరించారు. కనుక 1920 తరువాతి పుస్తకాల్లో ‘మేము’ ఎదురైతే, దానిని గౌరవ బహువచనమని వెంటనే నిర్ణయించకూడదు.