గొలుసు కవచం నలుగురం కలిసి అల్లుతున్నాం, పని ఎలా పంచుకోవాలి?

అమలాపురం నుంచి:
అందరికీ నమస్కారమండి. యూరప్‌లో మధ్యయుగం నాడు సైనికులు వేసుకున్న గొలుసు కవచం, అంటే ఇనప రింగులు ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లేది, పొట్టి చేతుల చొక్కా మోడల్‌లో ఒకటి చేద్దామనుకుంటున్నాం. నలుగురం ఉన్నాం. ఆదివారాలు మా మోటార్ వైండింగ్ షాపు షెడ్డులో కలుస్తాం. మిగతా రోజుల్లో ఎవరి ఊళ్లో వాళ్లే, ఒకరిది ముమ్మిడివరం, ఒకరిది కొత్తపేట. అందుకని ఎవరింట్లో వాళ్లు తలా ఒక ముక్క అల్లి తెస్తే ఆఖర్న కలుపుదామని ఆలోచన. తీగ జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీసుకోవాలా, మామూలు ఇనపదా? ఈ ఉప్పుగాలికి మా గేటు గొళ్లెమే ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. అన్నిటికంటే పెద్ద టెన్షన్, ఆ ముక్కలు చివరికి ఒకదానికొకటి కలుస్తాయా అని.

నరసాపురం నుంచి:
చాలా మంచి పని పెట్టుకున్నారండి. తీగ జీఐదే తీసుకోండి, 16 గేజ్, అంటే దాదాపు 1.6 మి.మీ. దాన్ని 8 మి.మీ. కడ్డీకి చుట్టండి. రింగు లోపలి వెడల్పు తీగ మందానికి ఐదింతలు ఉంటే, ఒక్కో రింగులో నాలుగేసి రింగులు పోయే అల్లిక హాయిగా కుదురుతుంది.

చుట్టడం, కత్తిరించడం మాత్రం ఇళ్లకు పంపకండి. కడ్డీ మీంచి తీయగానే చుట్ట కాస్త విప్పారుతుంది, ఎంత విప్పారేదీ తీగని బట్టి మారుతుంది. ఒకే కట్ట తీగ, ఒకే కడ్డీ వాడి రింగులన్నీ షెడ్డులోనే తయారుచేసి డబ్బాల్లో పోసి ఇవ్వండి. వైండింగ్ తెలిసిన చేతులు మీవి, ఇది మీకు తేలిక.

అల్లడం మటుకు నిశ్చింతగా పంచుకోవచ్చు. మా అమ్మ లేసు అల్లుతుంది. మా వైపు లేసు పువ్వులు అల్లే చేతిపని ఇంటింటికీ వెళుతుంది, వాటిని కలిపే అతుకుపని వేరే వాళ్లు చేస్తారు. మీలోనూ అతుకుపనికి ఒక మనిషిని ఇప్పుడే అనుకోండి. గొలుసు అల్లికకి నిలువూ అడ్డమూ ఉంటాయి. పట్టుకుని వేలాడదీస్తే ఒక వైపు రింగులు దగ్గరికి ముడుచుకుంటాయి, అదే ముక్కని అడ్డంగా తిప్పితే విచ్చుకుంటాయి. ఒంటి మీద ముడుచుకునేదే నిలువుగా రావాలి. ఒకరి ముక్క నిలువు, ఒకరిది అడ్డం అయితే వరసలు కలవవు. ప్రతి ముక్కకీ పై అంచున ఎర్రదారం కట్టి పంపండి.

ఇంకో మాట. ఆ రోజుల్లో రింగు కొసలు చదును చేసి, చిల్లు పొడిచి, రివెట్ కొట్టేవాళ్లు. మీరు కొసలు ఆనించి మూస్తున్నారు కాబట్టి దీన్ని వేసుకుని ఎవరి చేతా కత్తి దెబ్బ కొట్టించుకోకండి. గట్టిగా ఉంటుందని జీఐ రింగులకి వెల్డింగూ పెట్టొద్దు, ఆ జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

తణుకు నుంచి:
పై వారు చెప్పినవన్నీ నిజం. కవచం లోపల వేసుకునే బొంత చొక్కా సంగతి కూడా చూసుకోండి. గొలుసు చొక్కా పది కిలోల దాకా తూగుతుంది, ఒట్టి బనీను మీద వేస్తే భుజాలు కోసుకుపోతాయి. దెబ్బ అదురుని ఆపేది కూడా ఆ బొంతే. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ 1181లో ఎవరి దగ్గర ఏ ఆయుధాలు ఉండాలో శాసనం చేసినప్పుడు, గొలుసు కవచం కొనలేని మామూలు జనానికి ఈ బొంత చొక్కా, ఇనప టోపీ, ఈటె చాలన్నాడు. పాత నూలు పంచెలు పొరలుగా వేసి, మన బొంతల్లాగే నిలువు కుట్లు వేయించండి. నడుముకి బెల్టు బిగిస్తే బరువు కొంత భుజాల మీంచి దిగుతుంది. టోపీ, ఛాతీ రేకు దాకా వస్తే మా పక్కనే అజ్జరం ఉంది. ఇత్తడి సామాను చేసే ఊరు, రేకుని సుత్తితో గుండ్రం తిప్పడం అక్కడ కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే.

అమలాపురం నుంచి:
చాలా థాంక్సండి. రింగులు షెడ్డులోనే చేస్తాం. అతుకుపని కొత్తపేట బావగారికి అప్పజెప్పాం, ఆయనకి ఓపిక ఎక్కువ. బొంత ముందు కుట్టించాలా, తర్వాతా?

తణుకు నుంచి:
ముందేనండి. బొంత తొడుక్కుని, చేతులు పైకెత్తి, గట్టిగా ఊపిరి పీల్చి అప్పుడు ఛాతీ కొలత తీసుకోండి.