ఫ్రీజర్‌లో ఈ.కోలై బ్యాక్టీరియా చచ్చిపోతోంది, యాంటీఫ్రీజ్ ప్రొటీన్ వేస్తే బతుకుతుందా?

మాది పర్లాకిమిడి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టులో ఉన్నాను. మా ల్యాబ్‌లో ఉన్నది మైనస్ 20 ఫ్రీజరే. గాలివాన వస్తే కరెంటు పోతుంది, ఈ.కోలై దాచిన ట్యూబులు సగం కరిగి మళ్లీ గడ్డకడతాయి. మొన్న తీసి చూస్తే మూత లోపల రాళ్లుప్పులా మంచు పలుకులు, పైన రాసిన తేదీ చెరిగిపోయి నీలం మరక. గడ్డకట్టకముందు 200 దాకా కాలనీలు (బతికిన కణాలు పెరిగి కనిపించే చుక్కలు) వచ్చిన డైల్యూషన్‌లో, అంటే అంతే పలచన చేసి చూస్తే, ఈసారి 11. ఇవి గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే గ్లిజరాల్ వేయనివి. 15 శాతం వేసినవి చాలా నయం. గైడ్ గారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

అంటార్కిటికా చేపల రక్తంలో దొరికిన ఈ యాంటీఫ్రీజ్ ప్రొటీన్ మంచు పలుకులకు అతుక్కుని, చిన్నవి కలిసి పెద్దవి కాకుండా ఆపుతుంది. కరిగి గడ్డకట్టే మా ఫ్రీజర్‌కి సరిగ్గా ఇదే కావాలి అనిపించింది. కానీ మోతాదు ఎక్కువైతే మంచు సూదుల్లా పెరిగి కణాలనే పొడుస్తుందట! పైగా అక్కడి సరస్సులో ఉండే మారినోమోనాస్ ప్రిమోరియెన్సిస్ అనే బ్యాక్టీరియా ఇలాంటి తన ప్రొటీన్‌ని మంచును పట్టుకుని వేలాడటానికి వాడుకుంటుంది, అదీ కణం బయట.

మరి నేను ప్రొటీన్‌ని మీడియంలో (కణాల చుట్టూ ఉండే ద్రవంలో) కలపాలా, ఈ.కోలై లోపలే తయారయ్యేలా జీన్ పెట్టాలా? మోతాదు ఎక్కడ మొదలుపెట్టాలి? పోల్చి చూడటానికి కంట్రోల్‌గా బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని మామూలు ప్రొటీన్) సరిపోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి. ఒడియాలో రాసినా పర్వాలేదు, చదువుకుంటాను.