సమస్య: “తల నఱికిన వాఁడె తల్లి యయ్యె”

నిర్వాహకుడు: చేమంతి మడిలో కొనలు తుంచుతుండగా తోచిన పాదమిది. పూరణలు, అంటే ఇదే చివరి పాదంగా అల్లే పద్యాలు, చేమంతి పెంపకాన్ని దాటకూడదని మనవి. పరశురాముణ్ణి పట్టుకొచ్చేవారికి ముందుగానే నమస్కారం.

మధుపం:
చివురుఁ దుంచినంతఁ జేమంతి కణుపులఁ
గొమ్మ వెంటఁ గొమ్మ కులము పెరుగు
కత్తి పట్టినట్టి ఘాతకుఁడంటిరి
తల నఱికిన వాఁడె తల్లి యయ్యె

గణవిభజన (ఇదీ కలంపేరే): కొన చివురు పోతే దాని కింద ఆకుల మొదళ్లలో అణగి ఉన్న మొగ్గలు లేచి కొమ్మలవుతాయన్న సంగతిని రెండో పాదంలో అంత హాయిగా ఇమడ్చడం మధుపం గారికే చెల్లింది. అయితే నాటిన మూడు నాలుగు వారాలకు గోటితో గిల్లవలసిన లేత చివురుకు కత్తి దేనికి? ఘాతకుడికి యతి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి కుదరాల్సిన మైత్రి) కుదర్చడానికే వచ్చినట్టుంది.

మధుపం: గోటితో గిల్లేవాణ్ణి ఘాతకుడని ఎవరంటారండీ? కిందటి సమస్యలో రాత్రంతా దీపం పెట్టి చేమంతిని విరగబూయించిన తమరు నాకు సేద్యం నేర్పడం ముచ్చటగా ఉంది. రాత్రి నిడివి పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్క అది. దీపం పెడితే ఆకులే పెరుగుతాయి.

గణవిభజన: ఆ దీపం విరహిణి గదిలోది, మడిలోది కాదు.

మట్టిచేతులు:
కొనను గోసి యిసుకఁ గూర్చి నీరొసఁగితి
నీడలోన నుంచి నిలిచి చూడ
వేళ్లు పుట్టు మున్ను వెతఁ జెందె నా మొక్క
తల నఱికిన వాడె, తల్లి యయ్యె

నా పూరణలో నరికినవాడు లేడు. నరికితే వాడిన కొనే తల్లి మొక్క అయింది.

మధుపం: విరుపు బాగుంది, కానీ ఇచ్చిన పాదంలోని అరసున్న (ఁ) ఏమైంది? మనిషికి అరసున్న ఉంది, వాడిపోవడానికి లేదు.

నిర్వాహకుడు: చెవికి రెండూ ఒకటే కాబట్టి అంగీకరిస్తున్నాను. 5–7 సెంటీమీటర్ల కొనను తీసుకొని, కింది ఆకులు తొలగించి తడి ఇసుకలో గుచ్చితే, రెండు మూడు వారాల్లో వేళ్లు వచ్చేదాకా అది తల వాల్చడం సహజమే. ఆ నడిమి అవస్థను పద్యంలో పట్టడం నాకు నచ్చింది.

గణవిభజన: పూత ముగిశాక మొదట్లో వచ్చే పిలకలను వేళ్లతో సహా విడదీసి నాటితే అంతగా వాడవు కదా?

మట్టిచేతులు: నిజమే, కానీ పిలకకు తల నరికే పని లేదు, అప్పుడు మీరు వెతకడానికి యతీ ఉండదు.